టేపు చివర మిగిలిన మూడు నిమిషాలు

శనివారం పొద్దున శాతవాహన ఎక్స్‌ప్రెస్ కోసం ఖమ్మం స్టేషన్లో నిలబడి బ్యాగు ఇంకోసారి తడిమి చూసుకున్నాను. అక్క కట్టిచ్చిన కందిపొడి డబ్బా ఉంది, చార్జర్ ఉంది, వైరున్న ఇయర్‌ఫోన్ ఉంది. కందిపొడి అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్న అక్క కూతురికి. ఇయర్‌ఫోన్ కూడా దానికోసమే.

ఆరు నెలల కిందట అది ఫోన్ చేసి, "పిన్నీ, ఎక్కడ చూసినా అవే పాటలు. విసుగొచ్చేసింది. నువ్వు వినేవేవో వేరే ఉంటాయి కదా, పంపు" అంది. నాకు పండగలా అనిపించింది. ఆ రాత్రి రెండింటిదాకా కూర్చుని ఏరి ఏరి నలభై పాటలు పంపాను. పదిహేను రోజులాగి అడిగితే "బాగున్నాయి పిన్నీ" అంది. ఏవి బాగున్నాయంటే మాట మార్చేసింది. దాని తప్పేం లేదు. చుట్టం ఇంకా విస్తరి ముందు కూర్చోకముందే అన్నం, పులుసు, పెరుగు, పాయసం అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే ఎవరైనా ఏం తింటారు? అందుకే ఈసారి పక్కన కూర్చుని ఒక్కొక్కటే వినిపిద్దామని బయల్దేరాను.

రైలు కదిలాక మా ఊరి రికార్డింగ్ షాపాయన గుర్తొచ్చాడు. 2001లో నేను ఇంటర్ చదువుతున్నాను. కావాల్సిన పాటలు కాగితం మీద రాసిస్తే ఆయన ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చేవాడు. 90 నిమిషాల క్యాసెట్, ఒక్కో వైపు 45. ఒకసారి క్యాసెట్ చేతికిస్తూ, "బి సైడు చివర మూడు నిమిషాలు మిగిలిందమ్మా. ఖాళీగా ఎందుకని నాకు నచ్చిందొకటి వేశాను" అన్నాడు. ఇంటికొచ్చి విన్నాను. సినిమా పాటలన్నీ అయిపోయాక సన్నగా గిటార్, కింద నెమ్మదిగా దరువు, దాని మీద తెలుగూ హిందీ కాని ఏదో భాషలో ప్రార్థనలాంటి పాట. గొంతులు పైకి లేస్తున్నాయి, ఇప్పుడేదో అవుతుంది అనుకుంటుండగా టక్కుమని బటన్ పైకి లేచింది. టేపు అయిపోయింది.

మర్నాడు కాలేజీ అవగానే షాపుకే వెళ్ళాను. అది ఢిల్లీ బ్యాండు ఇండియన్ ఓషన్ పాట, 2000లో వచ్చిన 'కందిస' ఆల్బమ్‌లోది. కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థనట, అరమాయిక్ భాషట. అసలు పాట ఏడు నిమిషాలకు పైనే. మిగతా సగం వినడానికి నేను కొన్న ఆ క్యాసెట్టే నా మొదటి సినిమాయేతర క్యాసెట్. ఆయన ఆ పాట పూర్తిగా వినిపించి ఉంటే ఇంత దూరం వచ్చేదాన్ని కాదేమో అని ఇప్పటికీ అనుకుంటాను.

సికింద్రాబాద్‌లో దిగేసరికి పిల్ల ప్లాట్‌ఫారం మీదే ఉంది. ముందు ఆల్ఫా హోటల్లో టీ తాగుదామన్నాను. టీ కప్పుల మధ్య ఫోన్ పెట్టి ఇయర్‌ఫోన్ చెరో చెవికి పెట్టుకున్నాం. దానికి ఇళయరాజా పాటల్లో అడుగున లోతుగా మోగే బేస్ గిటార్ నడక అంటే ప్రాణం. వాళ్ళ నాన్న కారులో వినీ వినీ అబ్బిన ఇష్టం అది. కాబట్టి తెలిసిన దారిలోంచే తీసుకెళ్ళాలని క్రువాంగ్‌బిన్ పెట్టాను. అమెరికాలోని టెక్సాస్‌కి చెందిన ముగ్గురి బ్యాండు. పేరుకి థాయ్ భాషలో విమానం అని అర్థం. 1960లు, 70ల నాటి థాయ్‌లాండ్ పాటలు వినీ వినీ ఆ రుచిలోంచి తమ సంగీతం అల్లుకున్నారు. 2015లో వచ్చిన మొదటి ఆల్బమ్ పల్లెటూళ్ళో ఒక పాత కొట్టంలో రికార్డు చేశారు. మాటలు చాలా తక్కువ. బేస్ ముందు నడుస్తుంది, గిటార్ దాని వెనకాలే నీడలా వస్తుంది.

అది అర నిమిషం విని "బేస్ ఏదీ పిన్నీ? నాకు గిటార్ ఒక్కటే వస్తోంది" అంది. నా చెవిలో చూస్తే గిటార్ ఎక్కడో దూరంగా ఉంది. అప్పుడు వెలిగింది. స్టీరియో పాటని ఇద్దరు పంచుకుంటే చెరో సగమే వినిపిస్తుంది. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్తే మోనో ఆడియో అని ఒకటుంటుంది. అది ఆన్ చేస్తే రెండు చెవుల్లోకీ మొత్తం పాట వస్తుంది. ఇన్నేళ్ళుగా ఎంతమందికి సగం పాట వినిపించి "ఎలా ఉంది?" అని అడిగానో. ఎవరికైనా ఇలా ఇయర్‌ఫోన్ పంచి వినిపించే అలవాటుంటే ముందు ఈ పని చేయండి. మళ్ళీ మొదట్నుంచి పెట్టాం. ఈసారి దాని వేలు బల్ల మీద బేస్‌తో పాటు కదలడం మొదలైంది. పాట అయ్యాక ఇంకోటి పెట్టమంది. పెట్టలేదు.

సాయంత్రం బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లో ఉన్న లామకాన్‌కి వెళ్ళాం. ఇర్రంమంజిల్ మెట్రో స్టేషన్లో దిగి ఆటో ఎక్కాం. 2010లో మొదలైన చోటు ఇది. లామకాన్ అంటే ఇల్లు లేనిది అని అర్థం. నాటకం, ముషాయిరా, చర్చ, పాట, ఏదైనా ఇక్కడ జరగొచ్చు. ఆ రోజు నలుగురు కుర్రాళ్ళు సొంతంగా రాసుకున్న తెలుగు పాటలు పాడారు. ఇంకా పేరు కూడా పెట్టుకోలేదట. రెండో పాటలో పల్లవి అందుకునే చోట గాయకుడికి గొంతు పూడుకుపోయింది. ఆపి, నీళ్ళు తాగి, "మళ్ళీ పాడతామండీ" అని మొదట్నుంచి ఎత్తుకున్నాడు. రెండోసారే చాలా బాగా పాడాడు. ఆ పాట ఎక్కడా దొరకదు, ఆ రోజు ఆ ఆవరణలో కూర్చున్నవాళ్ళకే.

"తెలుగులో ఇలాంటివి ఉంటాయా?" అని పిల్ల నిజంగానే ఆశ్చర్యపోయింది. ఉంటాయి. ఇదే ఊళ్ళో చౌరస్తా బ్యాండు వాళ్ళ 'ఊరెళ్ళిపోతా మామా' వినమన్నాను. తర్వాత సినిమాల్లో పేరు తెచ్చుకున్న రామ్ మిరియాల అక్కడివాడే. దక్షిణాదిన మిగతా చోట్ల ఏం జరుగుతోందో చూడాలంటే అవియల్ అనే కేరళ బ్యాండు 2008లో తెచ్చిన ఆల్బమ్ వినాలి. మలయాళంలో, అచ్చంగా వాళ్ళ ఊరి మాటలతో, ఎలక్ట్రిక్ గిటార్లు హోరెత్తిస్తూ పాడతారు. మాట ఒక్క ముక్క అర్థం కాకపోయినా అది ఎవరినీ చూసి రాసింది కాదని చెవికి తెలిసిపోతుంది. మన భాషలోనూ అంత ధీమాగా పాడేవాళ్ళు ఇంకా చాలామంది రావాలని నాకు ఆశ.

బయటికొస్తూ డబ్బు సంగతి మాట్లాడుకున్నాం. వినేవాళ్ళకి ఇది తెలియాలి. స్పాటిఫైలో కనీసం 30 సెకన్లు వింటేనే ఆ పాట విన్నట్టు లెక్క. 2024 నుంచి ఒక పాటని ఏడాదిలో కనీసం 1000 సార్లు వినకపోతే దానికి రాయల్టీ రాదు. పెద్ద సినిమా పాటకి వెయ్యి ఒక లెక్కా? పేరు లేని నలుగురు కుర్రాళ్ళకి మాత్రం కొండంత. పాటలమ్మే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైట్లో కొంటే సగటున 82 శాతం పాడినవాళ్ళకో వాళ్ళ లేబుల్‌కో పోతుంది. "అయితే నేను పది సార్లు వింటే వాళ్ళకి పది తగ్గినట్టేగా" అంది. నేను ఎంత వివరించినా ఇంత తేలిగ్గా చెప్పలేకపోయేదాన్ని.

ఆ రాత్రి హాస్టల్ డాబా మీద మహీనేర్ ఘోడాగులి వినిపించాను. 1970లలో కలకత్తాలో మొదలైన బెంగాలీ బ్యాండు. మొదటి ఆల్బమ్ 1977లో వచ్చింది. అప్పట్లో పట్టించుకున్నవాళ్ళు కొద్దిమందే, 80ల మొదట్లోనే విడిపోయారు. 1995లో కొత్త గొంతులతో మళ్ళీ పాటలొచ్చాక బెంగాలీ కుర్రకారంతా వాళ్ళని భుజాన వేసుకుంది. 'పృథిబి' పాట పెట్టగానే పిల్ల లేచి కూర్చుంది. "ఇది భీగీ భీగీ కదా!" అవును, 2006లో ఒక హిందీ సినిమాలోకి వెళ్ళిన బాణీ ఇదే. తెలిసిన పాట వెనక తెలియని మనుషులున్నారని తెలిసినప్పుడు దాని మొహంలో కనిపించిన వెలుగు కోసమే నేను ఇంత దూరం వచ్చాను.

ఆదివారం పొద్దున ఎర్రగడ్డ సంత. ఈ ఊళ్ళో నాకు బాగా ఇష్టమైన చోటు. పాత చార్జర్లు, విరిగిన ఫ్యాన్లు, బూట్లు, సైకిల్ చెయిన్లు, అన్నీ నేల మీదే. ఒక ముసలాయన దగ్గర అట్టపెట్టె నిండా క్యాసెట్లున్నాయి. ఏదైనా ఇరవై. అందులో ఇంట్లో రికార్డు చేసుకున్నది ఒకటి దొరికింది. అట్ట మీద నీలం ఇంకుతో, గీత గీసినట్టు తిన్నని చేతిరాతలో పాటల పేర్లు. ఎ సైడు ఏడు, బి సైడు ఆరు. ఏడో గీత ఖాళీగా ఉంది. టేపు ఒకచోట వదులై బయటికొచ్చింది. ముసలాయన చెవి మీదున్న పెన్సిల్ తీసి చక్రంలో పెట్టి మెల్లగా తిప్పాడు. పిల్ల అలా చేయడం ఎప్పుడూ చూడలేదు, తనూ తిప్పుతానని పెన్సిల్ తీసుకుంది. పక్కనున్న టూ ఇన్ వన్‌లో వేస్తే ఆరు పాటల తర్వాత, ఖాళీ గీత ఉన్నచోట, ఎవరో ఆడమనిషి గొంతు. వెనక వాయిద్యాలు లేవు. వంటింట్లో పాడినట్టు గిన్నెల చప్పుడు. నిమిషంన్నర ఉంది. ఏ పాటో నాకు తెలియలేదు. కొన్నాను.

అదే వరసలో మెమరీ కార్డులు అమ్ముతున్నారు. అక్కడే, రోడ్డు పక్కన నిలబడి, ఎమ్డూ మోక్తార్ గురించి చెప్పాను. సహారా ఎడారి అంచున నైజర్ దేశంలో పుట్టిన మనిషి, టువారెగ్ అనే ఎడారి తెగవాడు. మొదటి గిటార్ చెక్కతో తనే చేసుకుని, సైకిల్ బ్రేకు తీగలు బిగించి వాయించాడు. ఆయన పాటలు ముందు ఏ కంపెనీ ద్వారానూ రాలేదు. ఫోన్‌లోంచి ఫోన్‌లోకి, మెమరీ కార్డుల్లో చేతులు మారుతూ ఎడారి అంతా తిరిగాయి. మన మొబైల్ షాపుల్లో కార్డు నిండా పాటలు ఎక్కించిచ్చిన రోజులున్నాయి చూడండి, సరిగ్గా అలాగే. 2015లో ఆయన నటించిన సినిమా అమెరికా గాయకుడు ప్రిన్స్ సినిమా 'పర్పుల్ రెయిన్' (ఊదా రంగు వాన) వరసలో తీసింది. వాళ్ళ భాషలో ఊదా రంగుకి మాట లేదు. అందుకని 'కాస్త ఎరుపు కలిసిన నీలిరంగు వాన' అని పేరు పెట్టారు. అది చెప్పాక ఒకటే పాట వినిపించాను. గిటార్ పరుగు, వెనక చప్పట్లు. పిల్ల ఏమీ అనలేదు. ఇయర్‌ఫోన్ మాత్రం తీయలేదు.

సాయంత్రం లక్డీకాపూల్‌లో దిగి ఏసీ గార్డ్స్ వైపు నడిచాం. ఏసీ అంటే చల్లటి ఏసీ అనుకుంటోంది అది. కాదు, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కొలువులో ఆఫ్రికా నుంచి వచ్చిన గుర్రపు దళం. సిద్దీలనే ఆ ఆఫ్రికన్ల వారసులు ఇప్పటికీ ఆ బస్తీలో ఉన్నారు. మన అదృష్టం కొద్దీ ఒక పెళ్ళి ఊరేగింపు ఎదురొచ్చింది, డీజే బండి కాదు, మర్ఫా మేళం. వరసగా డప్పులు, చేతికర్రలు, ఒకతను స్టీలు బిందె బోర్లించి మోగిస్తున్నాడు. మర్ఫా యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బులతో ఈ ఊరు చేరింది. వాళ్ళుండే బార్కస్ పేరు బ్యారక్స్ నుంచి వచ్చిందే. తెలుగువాళ్ళం గణేశ్ నిమజ్జనంలో, పెళ్ళిళ్ళలో ఒళ్ళు మరిచి ఆడే తీన్‌మార్ ఈ మేళం ఇంట్లోనిదే. వేరే రకం సంగీతం కావాలని ఎక్కడెక్కడో వెతుకుతాం, మన కాళ్ళకి పుట్టినప్పట్నుంచీ తెలిసిందే ఎంత దూరం నుంచి వచ్చిందో చూడం.

దరువు దగ్గరికొచ్చాక పిల్ల నా చెయ్యి పట్టుకుని, "పిన్నీ, ఈ చప్పట్లు పొద్దున ఎడారి పాటలో లాగే లేవూ?" అంది. రెండింటికీ చుట్టరికం ఉందని నేను అనను. ఒకటి సహారా, ఒకటి అరేబియా తీరం. కానీ పోల్చడం మొదలుపెట్టింది అదే, నేను కాదు. ఊరేగింపు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాం. మేళంలో అందరికన్నా చిన్నవాడు, పదేళ్ళుంటాయేమో, మాకోసమన్నట్టు నాలుగు దెబ్బలు గట్టిగా వేసి వెళ్ళాడు.

సోమవారం మధ్యాహ్నం రైలెక్కేటప్పుడు వైరున్న ఇయర్‌ఫోన్ దాని చేతిలో పెట్టేశాను. "మోనో ఆన్‌లో ఉంచుకో, రూమ్మేట్‌కి కూడా వినిపించొచ్చు" అన్నాను.

గురువారం రాత్రి పదకొండు దాటాక మెసేజ్ వచ్చింది. "పిన్నీ, ఆ సైకిల్ తీగల ఆయనవి ఇంకేమైనా ఉన్నాయా?"

నా దగ్గర ఇరవై దాకా ఉన్నాయి. చాలాసేపు చూసి ఒకటి పంపాను.