పెన్సిల్ వద్దన్నందుకు నాన్న అలిగాడు

మా గరాజ్‌లో కారు పెట్టి ఏడాదిన్నర దాటింది. పాపం అది డాలస్ ఎండకి బయట మాడుతోంది. దాని చోట్లో విమానం తోక కట్టాను. మొన్న ఆదివారం రడ్డర్ని, అంటే విమానం ముక్కుని కుడి ఎడమలకి తిప్పే నిలువు పలకని, దాని కీళ్లకి తగిలించి వేలితో తోస్తే చప్పుడు లేకుండా అటూ ఇటూ ఊగింది. లాగ్ పుస్తకం ప్రకారం ఇప్పటికి 214 గంటలు. అందులో ముప్పై గంటలు కట్టినదాన్ని విప్పడానికే పోయాయి, అది వేరే సంగతి.

తెలియనివాళ్ల కోసం: నేను కడుతున్నది ఆర్‌వీ-7. ఇద్దరు పక్కపక్కన కూర్చునే చిన్న విమానం. ఆరెగాన్‌లో ఉన్న వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ల కిట్. ఆర్‌వీ అంటే కంపెనీ పెట్టిన రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ పేరులోని పొడి అక్షరాలే. కిట్ అంతా ఒకేసారి కొనక్కర్లేదు, విడతలుగా తెప్పించుకోవచ్చు. మొదటి విడత తోక. అన్నిట్లో చిన్నది, ఖర్చూ తక్కువే, కానీ తర్వాత రెక్కలకీ బాడీకీ కావలసిన పనితనమంతా అందులోనే నేర్చుకోవాలి. మన వల్ల కాదనిపిస్తే అక్కడితో ఆపేసినా ఇల్లు గుల్లకాదు. సగం కట్టి వదిలేసిన తోకలు అమ్మకానికి కనిపిస్తూనే ఉంటాయి. వాటిని చూస్తే నాకు ఎవరో ఎత్తుకున్న వ్రతం మధ్యలో వదిలేసినట్టు దిగులేస్తుంది.

నాన్న మార్చిలో వచ్చాడు, ఆరు నెలలకి. అమ్మ మా చెల్లి పురుడని విజయవాడలోనే ఉండిపోయింది. నాన్న ఆటోనగర్‌లో 31 ఏళ్లు బస్సు బాడీలు కట్టే షెడ్డులో పనిచేశాడు. మొదటి రెండు వారాలు టీవీ చూశాడు. మూడో వారం లుంగీ ఎగ్గట్టి గరాజ్‌లోకొచ్చి, ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) రేకు రెండు వేళ్లతో పట్టుకుని, "ఏంట్రా ఇది, అప్పడంలా ఉంది" అన్నాడు.

నిజంగానే అప్పడం. 0.016 అంగుళం, అంటే 0.4 మిల్లీమీటర్లు. దాన్ని వంచి, లోపల సన్నటి బద్దలు రివిట్ చేస్తేగానీ నిలబడదు.

మరునాటికల్లా పనిలోకి దిగిపోయాడు. చెవి మీద పెన్సిల్, చేతిలో ఆకురాయి. నేను ఆఫీసు కాల్ ముగించుకుని వచ్చేసరికి, మెరిసే రేకు మీద బెజ్జాల వరస పక్కనే పెన్సిల్‌తో చక్కగా గీత గీసి ఉంది. నేను "అయ్యో, చెరిపెయ్ చెరిపెయ్" అని అరిచాను. అల్యూమినియం మీద పెన్సిల్ గీత పెట్టకూడదు. పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైట్, కాస్త తేమ తగిలితే చాలు, ఆ గీత వెంటే అల్యూమినియాన్ని తినేస్తుంది. అందుకే మేమంతా షార్పీ మార్కర్లే వాడతాం. ఇదంతా నెమ్మదిగా చెప్పి ఉంటే బావుండేది. నేను అరిచి చెప్పాను. "ముప్పై ఏళ్లు గీశాన్రా, ఏ బస్సూ కరిగిపోలా" అని లోపలికెళ్లిపోయాడు. ఆ పూట అన్నం దగ్గర కూడా నాతో మాట్లాడలేదు. మా అమ్మాయే మధ్యవర్తిత్వం చేసి, తన పెన్సిల్ పెట్టెలోంచి ఊదారంగు షార్పీ ఒకటి తాతయ్య చెవి మీద పెట్టింది. సెప్టెంబరులో విమానం ఎక్కేదాకా అదే వాడాడు.

అసలు గొడవ రివిట్ దగ్గర.

రివిట్ అంటే బస్సుకైనా విమానానికైనా ఒకటే సూత్రం. ఒక వైపు తల, రెండో వైపు కాడ. తల మీద గన్ కొడుతుంటే, కాడ వైపు ఒక ఇనప దిమ్మ అదిమి పట్టుకోవాలి. ఆ దిమ్మని ఇక్కడ బకింగ్ బార్ అంటారు, నాన్న మాత్రం చివరిదాకా 'దాగలి' అనే అన్నాడు. కాడ నలిగి చిన్న బిళ్లలా పరుచుకుంటుంది. ఆ బిళ్లకి లెక్క ఉంది: కాడ మందానికి ఒకటిన్నర రెట్లు వెడల్పు, సగం ఎత్తు. 1/8 అంగుళం రివిట్‌కి 3/16 వెడల్పు, 1/16 ఎత్తు. నాన్న మొదటి రోజే ఒక రివిట్‌ని అరచేతిలో పెట్టుకుని, కళ్లజోడు పైకి తోసి, "దీని తల మధ్యలో ఈ గుంట ఎందుకు?" అని అడిగాడు. ఆవగింజంత గుంట. ఏ మిశ్రమలోహంతో చేశారో తెలియడానికి పెట్టే గుర్తది. నేను పుస్తకంలో ఎప్పుడో చదివి మర్చిపోయాను, కంటితో ఎప్పుడూ చూడనే లేదు.

నిలువు తోక వెనక దూలానికి రివిట్లు కొడుతున్నాం. ఒకటి నలిగేటప్పుడు కొంచెం పక్కకి వాలింది. గేజ్ పెడితే కొలత సరిపోయింది. కానీ చూడ్డానికి వంకర. నాన్న బొటనవేలితో తడిమి, "పట్టు పట్టింది, వదిలెయ్" అన్నాడు.

"ఇది బస్సు కాదు నాన్నా."

ఏమీ అనలేదు. వెళ్లి పడుకున్నాడు. నేను పది గంటలకి ఒక్కణ్ణే కూర్చుని దాన్ని తీయబోయాను. తల మధ్య గుంటలో డ్రిల్లు ఆనించి, తల లోతు వరకే తొలిచి, తల విరిచేసి, కాడని బయటికి తన్నాలి. అదీ పద్ధతి. నాకు డ్రిల్లు పక్కకి జారింది. తల ఊడలేదు. ఇంకాస్త లోతుకి పోనిచ్చాను. చివరికి కాడ బయటికొచ్చేసరికి గుండ్రటి బెజ్జం కాస్తా కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. బాగున్న రివిట్ తీసి బాగులేని బెజ్జం చేసుకున్నాను. ఇక ఆ బెజ్జాన్ని పెద్దది చేసి 5/32 రివిట్ వెయ్యడమే దారి. మరి పెద్ద రివిట్ అంటే రేకు అంచు నుంచి దూరం కూడా పెరగాలి, కనీసం రివిట్ మందానికి రెండింతలు. 5/16 కావాలి. స్కేలు పెట్టి నాలుగుసార్లు కొలిచాను. వెంట్రుకవాసిలో సరిపోయింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్లకి ఇక్కడ ఈఏఏ అని సంఘం ఉంది, 1953లో పెట్టింది. వాళ్లలో అనుభవం ఉన్నవాళ్లు పైసా తీసుకోకుండా ఇంటికొచ్చి పని చూసిపెడతారు. మా దగ్గరికొచ్చిన పెద్దాయన టార్చ్ వేసి అంతా చూసి, ఆ పెద్ద రివిట్ దగ్గర ఆగాడు. కథంతా చెప్పాను. నవ్వి, కాస్త వంకరగా ఉన్న రివిట్‌ని తీసి పాడుచేసేకంటే వదిలెయ్యడమే చాలాసార్లు మేలు, ఇప్పుడు వేసింది మాత్రం పనికొస్తుంది అన్నాడు.

"ఏమంటున్నాడ్రా?" అన్నాడు నాన్న.

"నువ్వన్నదే."

"ఏ షెడ్డులో చేశాడట?"

ఎయిర్‌లైన్స్ హ్యాంగర్‌లో ముప్పై ఏళ్లు మెకానిక్ అని చెప్పాను. "అదీ" అని, ఆయనకి స్వయంగా టీ కలపడానికి లోపలికి వెళ్లాడు.

ఆ తర్వాత రడ్డర్ వెనక అంచు పని నాన్నకే వదిలేశాను. రెండు రేకులూ ఒక సన్నటి చీలిక బద్ద మీద కలుస్తాయి. ముందు జిగురు పూసి, తిన్నటి యాంగిల్‌కి బిగించి రెండు రోజులు కదపకుండా ఉంచాలి. గంధకం కంపు కొట్టే జిగురు, వంటింటిదాకా వచ్చి మా ఆవిడ చేత తిట్లు తినిపించింది. ఆ తర్వాత రివిట్లు. వరసగా కొట్టుకుంటూ పోతే అంచు పాములా మెలికలు తిరుగుతుంది. మెలిక తిరిగితే గాల్లో విమానం ఒక పక్కకి లాగుతుంది, పైలట్ ఎప్పుడూ ఒక కాలితో రడ్డర్ పెడల్ నొక్కి పట్టాలి. అందుకని పదేసి బెజ్జాలకొకటి కొట్టి, తర్వాత వాటి మధ్యలో ఒకటి, మళ్లీ వాటి మధ్యలో. అదీ సగం వరకే నొక్కి, రెండో పక్కకి తిప్పాక పూర్తి చెయ్యాలి. మాన్యువల్ తెలుగులో చదివి వినిపించబోయాను. "వరసగా కొడితే రేకు నడిచిపోద్ది. బస్సు పక్క రేకులకి ఇంతేగా" అని చెయ్యి ఊపేశాడు. మధ్యమధ్యలో ఒక కన్ను మూసి, అంచుకి గడ్డం ఆనించి చూసేవాడు. అయ్యాక స్టీల్ స్కేలు పెడితే ఎక్కడా ఒక మిల్లీమీటరు సందు లేదు.

ఎలివేటర్ల సంగతి ఎక్కువ చెప్పను. ముందు అంచు రేకుని గొట్టానికి టేపుతో అంటించి చుట్టడం, కొసల్లో సీసం దిమ్మలు బిగించడం. ఆ బరువు లేకపోతే వేగంలో ఎలివేటర్ కొట్టుకుని విరిగిపోయే ప్రమాదం ఉంది. సీసం విషం కాబట్టి, చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఎవరూ అన్నం ముట్టకూడదని మా ఆవిడ బోర్డు పెట్టింది.

ఇంకో మాట. సగానికి పైగా పని మనమే, సరదాకో నేర్చుకోవడానికో చేశామని ఇక్కడి విమానయాన శాఖ ఎఫ్ఏఏకి చూపించాలి కాబట్టి రోజూ ఫోటోలు తీసి లాగ్‌లో పెడుతున్నాను. రేపు ఇన్‌స్పెక్టరు తిరగేస్తే అందులో సగం పేజీల్లో బనీను, లుంగీ, చెవి మీద ఊదారంగు షార్పీతో ఒక పెద్దమనిషి కనిపిస్తాడు. డబ్బులిచ్చి పెట్టుకున్న మనిషి కాదని నేను వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

నాన్న వెళ్లి మూడు నెలలైంది. తోక ముక్కలన్నీ పాత దుప్పట్లు చుట్టి ఆయన పడుకున్న గదిలోనే పెట్టాను. పొడుగాటిది మంచం వెనక గోడకి, ఎలివేటర్లు అలమర మీద, రడ్డర్ మంచం కింద. నిన్న ఫోన్లో అమ్మ, వచ్చే వేసవికి తను వస్తానంది. ఆ గదిలో సామానంతా తీసేస్తేనేనట.

వెనక నుంచి నాన్న గొంతు వినపడింది: "యాడ పెడతాడే, ఇంకా రెక్కలు రావాలి."