లఫెవ్ర్ అనే ఇంటిపేరు, యానాం రిజిస్టర్లలో దాన్ని వెతికే పద్ధతి

యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది కాబట్టి అక్కడి జనన, వివాహ, మరణాల నమోదు ఫ్రెంచి పద్ధతిలో, ఫ్రెంచి భాషలోనే జరిగింది. ఆ కాగితాల్లో ఫ్రెంచి ఇంటిపేరు ఎదురైతే చాలామంది రెండు చోట్ల పొరబడతారు. స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా ఉంటే వేరే కుటుంబం అనుకుంటారు, స్పెల్లింగు కలిస్తే చుట్టాలే అనుకుంటారు. రెండూ ఎందుకు తప్పో లఫెవ్ర్ అనే పేరు చూస్తే తెలిసిపోతుంది.

దీని మూలం లాటిన్‌లోని ఫాబేర్. చెక్క, లోహం లాంటి గట్టి సరుకుతో పనిచేసే ప్రతి పనివాడూ ఫాబేరే. ఫాబేర్ తిగ్నారియుస్ అంటే వడ్రంగి, ఫాబేర్ ఫెర్రారియుస్ అంటే కమ్మరి. మత్తయి 13:55లో మన తెలుగు బైబిల్ 'వడ్లవాని కుమారుడు' అన్నచోట లాటిన్ బైబిల్లో ఉన్నది ఫాబేర్ కొడుకు అనే. ఫ్రాన్సులో ఈ మాట క్రమంగా కమ్మరికే పరిమితమైంది. మధ్యలో ఉన్న బకారం వకారంగా మారి ఫెవ్ర్ అయింది. లాటిన్ ఫెబ్రువారియుస్ ఫ్రెంచిలో ఫెవ్రియే అయింది కూడా ఇలాగే. రిజిస్టర్లలో ఫిబ్రవరి నెల చదవాల్సి వచ్చినప్పుడు ఇది పనికొస్తుంది.

మన డెల్టాలో కర్రు సాగగొట్టి, కొడవలికి కక్కు కొట్టి, కళ్లంలో మేర కొలిపించుకునే కమ్మరి ఊరూరా ఉన్నట్టే అక్కడా ఉండేవాడు. 11, 12 శతాబ్దాల నుంచి ఒకే పేరున్న మనుషుల్ని వేరు చేయడానికి వెనక ఇంకో పేరు తగిలించడం మొదలైంది. కొలిమి నడిపేవాడు 'ల ఫెవ్ర్', అంటే 'ఆ కమ్మరి' అయ్యాడు. కొడుకు కొలిమి వదిలేసినా పేరు మాత్రం వదల్లేదు. ఇది ఏ ఊళ్లో ఆ ఊళ్లో విడివిడిగా జరిగింది కాబట్టి ఇద్దరు లఫెవ్ర్‌లకి ఒకే మూలపురుషుడు ఉండాలన్న నియమం లేదు. పోలవరపు, ముమ్మిడివరపు లాంటి మన ఊరిపేరు ఇంటిపేర్లున్న వాళ్లందరూ ఒకే వంశం కాకపోవడం మనకి తెలిసిందే.

ఇక అసలు చిక్కు రాతలో ఉంది. బకారం నోట్లోంచి పోయిన కొన్ని వందల ఏళ్ల తర్వాత, లాటిన్ చదువుకున్న లేఖకులు దాన్ని తిరిగి రాతలోకి తెచ్చారు. దీనికి ఒక కారణం లాటిన్ మీద గౌరవం. రెండోది, అప్పట్లో యు, వి రెండింటికీ ఒకే అక్షరం వాడేవారు. ముందు బి పెడితే తర్వాతది వి అని తెలుస్తుంది. అలా ఎల్-ఇ-ఎఫ్-ఇ-బి-వి-ఆర్-ఇ వచ్చింది. బి పలకరు. అయితే కొన్నిచోట్ల ఆ వి ని యు గా చదివారు, దాంతో లఫెబ్యూర్ అని ఇంకో పేరే పుట్టింది. దక్షిణ ఫ్రాన్సులో బకారం నిలిచిన ఫాబ్ర్ ఉంది. కీటకాల మీద జీవితాంతం పనిచేసిన జాన్-ఆన్రీ ఫాబ్ర్ (1823–1915) అక్కడివాడే. ఆల్ప్స్ పర్వతాల్లోని సవోయ్ ప్రాంతం, స్విట్జర్లాండ్ వైపు ఫావ్ర్. ఫావర్-లూబా గడియారంలో ఉన్నది ఆ పేరే. ఫేబర్-కాస్టెల్ పెన్సిల్లో లాటిన్ మాట చెక్కుచెదరకుండా ఉంది. ఫెరారీ మాత్రం ఈ కోవలోది కాదు, ఇనుము అనే అర్థమున్న ఫెర్రుమ్ నుంచి వచ్చింది. మనందరం తల్చుకునే కాటన్ దొర పేరుకి అటు లాటిన్‌తోనూ ఇటు పత్తితోనూ సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో గుడిసెలు అనే మాట అది.

వెతకడం ఎలాగంటే, 1776 రాజశాసనం ప్రకారం వలస రాజ్యాల రిజిస్టర్లకి అదనంగా ఒక ప్రతి రాసి ఫ్రాన్సుకి పంపాల్సి వచ్చింది. అలా చేరినవి ఇప్పుడు ఎక్స్-అన్-ప్రొవాన్స్‌లోని విదేశీ భూభాగాల ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో చూడొచ్చు. దేశం దగ్గర ఇండియా, ఊరి దగ్గర వై-ఎ-ఎన్-ఎ-ఓ-ఎన్ ఎంచుకుని, ఏడాది ఇవ్వాలి. యానాంని మన స్పెల్లింగుతో కొడితే దొరకదు.

ముందు పెళ్లి పత్రం పట్టుకోండి. అందులో వధూవరుల వయసు, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి కాబట్టి అక్కడి నుంచి వెనక్కి వెళ్లడం తేలిక. ఆడవాళ్లని పుట్టింటి పేరుతోనే వెతకాలి, ఫ్రెంచి పత్రాల్లో పెళ్లయ్యాక కూడా ఆ పేరే రాస్తారు. జనన పత్రం మార్జిన్ తప్పకుండా చూడండి. 1897 చట్టం తర్వాత పెళ్లి వివరం అక్కడ చేర్చాలి. సూచికలో లఫెవ్ర్ కోసం ఎల్ కిందా, ఎఫ్ కిందా కూడా చూడాలి, 'ల' ని విడదీసి రాసినవాళ్లున్నారు. బి ఉన్నదీ లేనిదీ, వి ఉన్నదీ యు ఉన్నదీ అన్నీ ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం మేలు. గుమాస్తా పైన ఒక రకంగా రాస్తే, పత్రం అడుగున ఆ మనిషి సంతకం ఇంకో రకంగా ఉండొచ్చు. అప్పుడు సంతకాన్నే నమ్మండి, ఇంట్లో వాడిన స్పెల్లింగు అదే.

ఇంకొకటి. 1881 సెప్టెంబర్ 21 నాటి డిక్రీతో ఫ్రెంచి ఇండియాలోని భారతీయులు తమ కులమత ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందకి వచ్చే వీలు కలిగింది, అలా వచ్చేవాళ్లు ఒక ఇంటిపేరు నమోదు చేయించుకోవాల్సి వచ్చేది. కొందరు ఫ్రెంచి పేర్లే ఎంచుకున్నారు. అందుకని 1881 తర్వాతి పత్రంలో లాటిన్ మూలమున్న ఇంటిపేరు కనబడితే ఐరోపా వంశం అని రాసేయకండి. తండ్రి జనన పత్రం, తాత పెళ్లి పత్రం తీసి, 1881కి ముందు ఆ ఇంట్లో ఏ పేరు నడిచిందో చూశాకే వంశవృక్షంలో ఎక్కించండి.