కోరంగి ఏటిలో పోటు ఎక్కే వేళ

కాకినాడ నుంచి యానాం రోడ్డు పట్టుకుని చొల్లంగి వైపు వెళ్తుంటే ఎడమచేతి వైపు కోరంగి మడ అడవి మొదలవుతుంది. మేం చేరేసరికి ఏరు పాటులో ఉంది, అంటే సముద్రం వెనక్కి తీసి నీళ్లు తగ్గి ఉన్నాయి. బోటు సరంగు "కాసేపు ఆగండి, పోటు ఎక్కి నీళ్లు పెరిగితే గానీ లోపలి కాలవల్లోకి పోలేమండి" అన్నాడు. ఆ ఖాళీలో చెక్క వంతెన మీద తిరిగాం, నాకైతే బోటు షికారు కన్నా అదే బాగా నచ్చింది.

నీళ్లు తీసేసిన బురదలోంచి తెల్లమడ శ్వాస వేర్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వేర్లను పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. ఆకు వెనక్కి తిప్పి వేలితో రాసి నాలుక మీద పెట్టుకున్నాను, ఉప్పే! వేర్లు వడకట్టగా మిగిలిన ఉప్పును ఆకులు ఇలా బయటికి కక్కుతాయి. తిల్ల చెట్టును మాత్రం ముట్టుకోనివ్వలేదు, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

కోరంగి ఏరు గోదావరి శాఖ అయిన గౌతమికి ఒక పాయ. యానాం దగ్గర విడిపోయి, తాళ్లరేవు మీదుగా ఉత్తరానికి తిరిగి కాకినాడ అఖాతంలో కలుస్తుంది. గోదావరి ఏడు పాయలూ సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్రికులకు ఇది ఆత్రేయ పాయ. వరద రోజులు తీసేస్తే ఇక్కడ పెత్తనమంతా సముద్రానిదే, రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు.

ఇప్పుడు చూస్తే నమ్మబుద్ధి కాదు గానీ, ఒకప్పుడు ఈ తీరంలో పెద్ద ఓడరేవు కోరంగే. యానాంలో ఫ్రెంచివాళ్లు, ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు, జగన్నాథపురంలో డచ్చివాళ్లు, అందరూ ఈ చిన్న ముక్కలోనే వ్యాపారం పెట్టారు. ఓడలు ఇక్కడే మరమ్మతుకు వచ్చేవి, చిన్న ఓడలను తాళ్లరేవులో తయారు చేసేవాళ్లు. ఈ తీరం నుంచి కూలికి బర్మా వెళ్లిన మనవాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచేవాళ్లు. 1930లో రంగూన్ రేవు గొడవల్లో దెబ్బతిన్నది ఆ కూలీలే. ఆ సంగతి మన పాఠాల్లో ఎక్కడా లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

1789 డిసెంబరు తుపానులో కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ఊడ్చేశాయి. వేలమంది పోయారు. 1839 నవంబరులో మళ్లీ అదే. అయినా రేవును అసలు చంపింది తుపాను కాదు, ఒండ్రు అని నా అభిప్రాయం. గోదావరి తెచ్చిన మట్టి ఏటి మొగను పూడ్చేసింది, పెద్ద ఓడలు రావడం మానేశాయి, వ్యాపారం కాకినాడకు తరలిపోయింది. అదే మట్టి మీద మడ పెరిగింది. 1978లో అభయారణ్యం అయిన ఈ సుమారు 235 చదరపు కిలోమీటర్లలో బావురు పిల్లులు, నీటికుక్కలు బతుకుతున్నాయి. గోదావరి ఇసుకను కెరటాలు ఉత్తరానికి తోసుకుపోయి పేర్చిన సన్నటి దిబ్బే హోప్ ఐలాండ్, ఈ రోజు కాకినాడ రేవుకు అడ్డుగోడ. నదుల మీద ఆనకట్టలు లేచాక డెల్టాకు చేరే ఒండ్రు బాగా తగ్గిపోయింది. ఆ అడ్డుగోడ గురించి నాకు అందుకే టెన్షన్.

పోటు ఎక్కాక బోటు కదిలింది. ఇందాక మేం చూసిన వేర్లన్నీ నీళ్ల కిందికి పోయాయి, కొమ్మలు మాత్రం నీటికి ఆనుతున్నాయి. మీరు వెళ్తే మాత్రం ముందు పోటు వేళ కనుక్కుని, దానికి ఓ రెండు మూడు గంటలు ముందే చేరుకోండి, అప్పుడు బురదా చూడొచ్చు, బోటూ ఎక్కొచ్చు.