మెత్తగా ఉంటే చాలదు: బండి సీటు మార్చడంలో నా అనుభవం

గంట దాటేసరికి పిర్రల కింద మంట మొదలైతే వెంటనే కొత్త సీటు కొనేయాలనిపిస్తుంది. కొనే ముందు నేను చేసిన పని, నొప్పి సరిగ్గా ఎక్కడ వస్తోందో పట్టుకోవడం. నొప్పి చోటును బట్టి కారణం మారుతుంది, కారణాన్ని బట్టి కొనాల్సింది మారుతుంది.

కూర్చున్నప్పుడు ఒంటి బరువు మోసే రెండు ఎముకల కిందే, చిన్న బిళ్ళంత మేర మంట పుడుతుంటే ఫోమ్ పస అయిపోయిందని అర్థం. తేల్చుకోవడం సులువు. రోజూ కూర్చునే చోట ఒక మోకాలు ఆనించి బరువంతా దాని మీద వేయాలి. కింద ప్లాస్టిక్ బేస్ (సీటు అడుగు పలక) గట్టిగా తగిలితే ఆ ఫోమ్ ఇక మోయదు. ముందువైపు, తొడల నడుమ తిమ్మిరి ఎక్కుతుంటే సీటు ట్యాంకు వైపు వాలి ఉన్నట్టు. బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు జారుతాం, మళ్ళీ వెనక్కి జరుగుతాం, చివరికి జరగడం మానేసి అక్కడే నొక్కుకుపోతాం. తొడల లోపలివైపు ఒరుసుకుంటుంటే అంచు కుట్టు అక్కడ పడి ఉంటుంది, లేదా సీటు ముందు భాగం మరీ వెడల్పుగా ఉంటుంది. నొప్పి వెన్ను చివర వస్తే, సీటు మధ్యలో గుంట పడి నడుము వెనక్కి ఒరిగిపోతోందన్నమాట.

నా బండికి మొదటి రెండూ కలిసి ఉన్నాయి. వాలు వాటా ఎంతో తెలుసుకోవడానికి తువ్వాలును 2 సెంటీమీటర్ల మందం వచ్చేలా మడిచి, ట్యాంకు పక్కన సీటు మీద కదలకుండా కట్టి నడిపాను. జారడం ఆగింది, తిమ్మిరి రాలేదు. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా ఎవరూ సీటు కొనకూడదని నా గట్టి అభిప్రాయం. వాలు సమస్య ఉన్న సీటు మీద ఎంత ఖరీదైన జెల్ (జెల్లీలా మెత్తగా ఉండే పొర) వేసినా ఆ జెల్ మీద నుంచి కూడా జారుతూనే ఉంటాం.

సస్పెన్షన్‌నూ టైర్లనూ కూడా ముందే చూసుకోవాలి. వెనక షాక్ అబ్సార్బర్ ప్రీలోడ్ (స్ప్రింగును ముందే ఎంత నొక్కి ఉంచామన్నది) అవసరానికి మించి బిగించి ఉంటే ప్రతి గతుకూ నేరుగా ఎముకకే తగులుతుంది. రోడ్డు బండ్లలో మనిషి కూర్చున్నప్పుడు వెనక భాగం సుమారు 30 మిల్లీమీటర్లు దిగడం మామూలు. ఇద్దరి బరువుకు బిగించిన ప్రీలోడ్‌తో ఒక్కరే తిరుగుతూ సీటును తిట్టుకునేవాళ్ళు చాలామంది.

తర్వాత ఎముకల మధ్య దూరం. గట్టి బల్ల మీద అట్టపెట్టె ముక్క పరిచి, కాస్త ముందుకు వంగి, మోకాళ్ళు కొద్దిగా పైకెత్తి ఒక నిమిషం కూర్చుంటే రెండు నొక్కులు పడతాయి. వాటి నడిమధ్యల దూరం కొలవాలి. చాలామందికి 10 నుంచి 15 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. సీటులో కూర్చునే చోట చదునైన భాగం ఆ దూరం కన్నా ఇటూ అటూ కనీసం మూడేసి సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా చూసుకున్నాను. ఎముకలు గుండ్రటి అంచు మీద పడితే ఫోమ్ ఎంత మంచిదైనా ఫలితం ఉండదు.

ఇక ఏం కొనాలన్నది. పైన కట్టుకునే గాలి దిండ్లు, మెష్ కవర్లు ఒక దారి. ఇవి వేడిని, చెమటను బాగా తగ్గిస్తాయి, వాలును మాత్రం మార్చలేవు. గాలి దిండులో గాలి ఎక్కువ నింపితే బంతి మీద కూర్చున్నట్టు బండి మీద పట్టు పోతుంది. ఎముకకూ సీటుకూ మధ్య అర అంగుళం నుంచి అంగుళం దాకా గాలి మిగిలితే చాలు. రెండో దారి, ఉన్న సీటునే కుట్టేవాళ్ళ దగ్గర కోయించి దిద్దించుకోవడం. చేయి తిరిగినవాళ్ళు దొరికితే ఇంతకు మించింది లేదు, ఎందుకంటే మన కొలతకే చేస్తారు. మూడోది, మన బేస్ మీదే బిగించుకునే ఫోమ్, కవర్ జత. సీట్ కాన్సెప్ట్స్ లాంటి తయారీదారులు ఇలా అమ్ముతారు. నాలుగోది, సొంత బేస్‌తో సహా వచ్చే పూర్తి సీటు. కార్బిన్ సీట్లకు ఫైబర్‌గ్లాస్ బేస్ వస్తుంది. నేను మూడోది ఎంచుకున్నాను. కంపెనీ బేస్ కాబట్టి సీటు ముందుండే కొక్కెం, వెనక తాళం పడే లాచ్ ఎలా కూర్చుంటాయోనన్న బెంగ ఉండదు. అదే మోడల్‌కు చెందిన పాత సీటు ఒకటి తీసుకుని దాని మీద పని చేశాను. అసలు సీటు చెక్కుచెదరకుండా ఇంట్లో ఉంటే పని నింపాదిగా సాగుతుంది, బండి అమ్మేటప్పుడూ పనికొస్తుంది.

ఫోమ్ ఎంపికలో చాలామంది దుకాణంలోనే దెబ్బ తింటారు. బొటనవేలితో నొక్కి, మెత్తగా దిగితే హాయిగా ఉంటుందనుకుంటారు. మెత్తటి ఫోమ్ మొదటి పది నిమిషాలు బాగుంటుంది, తర్వాత ఎముకల కింద పూర్తిగా అణిగిపోతుంది. మనం నిజానికి బేస్ మీదే కూర్చుంటాం. గట్టి ఫోమ్ ఎముకల కింద కొద్దిగానే దిగి, మిగతా బరువును పిర్రలకూ తొడలకూ పంచుతుంది. సాంద్రత వేరు, గట్టిదనం వేరు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. సాంద్రత ఎక్కువైతే ఫోమ్ ఎక్కువ కాలం ఆకారం నిలుపుకుంటుంది. అది మెత్తగా ఉంటుందా గట్టిగా ఉంటుందా అన్నది మరో కొలత. మెమరీ ఫోమ్ చలిలో బిగుసుకుపోతుంది, ఎండలో మరీ లొంగిపోతుంది. పైపొరగా ఒకటి రెండు సెంటీమీటర్లు వేస్తే మంచిదే, సీటంతా దానితో చేస్తే నిలవదు. జెల్ ఒత్తిడిని పంచుతుంది గానీ ఎండలో నిలిపిన బండి మీద ఆ వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. కవర్‌కు అతుక్కునేలా జెల్ వేయడం కన్నా దాని మీద పలుచటి ఫోమ్ పొర ఉండటం మేలు.

ఎత్తు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. సీటు 2 సెంటీమీటర్లు పెరిగితే మోకాళ్ళు అంత మడవాల్సిన పని ఉండదు, కానీ కాళ్ళు నేలకు అందడం తగ్గుతుంది. కాలు అందడానికి ఎత్తు ఎంత ముఖ్యమో సీటు ముందు భాగం వెడల్పు కూడా అంతే ముఖ్యం. ముందు సన్నగా, వెనక వెడల్పుగా ఉన్న సీటు ఎత్తు కొంచెం పెరిగినా పాదం అందుతుంది. పొట్టివాళ్ళు ఎత్తు తగ్గించమని ఫోమ్ తవ్వించుకుంటారు. ఎముకల కింద కనీసం 5 సెంటీమీటర్ల మంచి ఫోమ్ మిగలకపోతే ఆ బేరం నష్టమే.

పని మొదలుపెట్టే ముందు సీటు అడుగు భాగాన్ని అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీశాను. ఎక్కడ ఏ రబ్బరు బుష్ (సీటు ఫ్రేముకు ఆనే చోట ఉండే రబ్బరు దిమ్మ) ఉందో, కవర్ మడతలు మూలల్లో ఎటు తిరిగాయో తర్వాత అవే చెబుతాయి. కవర్‌ను బేస్‌కు పట్టి ఉంచే స్టేప్లర్ పిన్నులు పీకడానికి సన్నటి మైనస్ స్క్రూడ్రైవర్‌తో పిన్ను నడుం కింద దూర్చి లేపి, ప్లయర్‌తో లాగాలి. కొన్ని తెగి కాలు లోపలే ఉండిపోతుంది. దాన్ని పీకలేకపోతే సుత్తితో చదునుగా కొట్టేయాలి, లేకపోతే కొత్త కవర్‌ను చింపుతుంది. పాత ఫోమ్‌ను మెల్లగా ఒలిచినట్టు తీసి దాచుకున్నాను.

బేస్ అంచులో పగుళ్ళు, నీళ్ళు పోయే రంధ్రాలు చూసుకుని శుభ్రం చేశాక, సుద్దముక్కతో నడిమధ్య గీత గీశాను. కొత్త ఫోమ్ ముందు, వెనక అంచుల్లోనూ అదే గీత. స్ప్రే గమ్‌ను రెండు వైపులా పలుచగా కొట్టి, వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగి అతికించాలి. తడిగా ఉండగానే అతికిస్తే గమ్ ఫోమ్‌లోకి ఇంకి గట్టిపడి, అక్కడ రాయిలా తగులుతుంది. చాలా బేస్‌లు పాలీప్రొపైలీన్ అనే ప్లాస్టిక్‌వి, వాటికి ఏ గమ్మూ గట్టిగా పట్టదు. గమ్ పని ఫోమ్‌ను కవర్ ఎక్కేదాకా కదలకుండా ఉంచడమే, ఆ తర్వాత పట్టి ఉంచేది కవరే. అందుకని ఫోమ్ అంతా గమ్‌తో ముంచనక్కర్లేదు.

ఫోమ్ మీద పలుచటి పాలిథీన్ షీటు ఒకటి పరిచాను. కవర్ కుట్ల గుండా నీళ్ళు దిగుతాయి, ఫోమ్ వాటిని పీల్చుకుంటే ఆరడానికి రోజులు పడుతుంది. ఈ షీటు ఉంటే కవర్ కూడా ఫోమ్ మీద సులువుగా జారి సర్దుకుంటుంది.

ఓపిక కావాల్సింది కవర్ దగ్గర. ముందు దాన్ని అరగంట ఎండలో వేస్తే సాగే గుణం వస్తుంది. చలిగా ఉన్న గదిలో లాగితే ముడతలు పడతాయి, అవి తర్వాత పోవు. కవర్ నడి కుట్టును సుద్ద గీతకు కలిపి, ముందు అంచు నడుమ మూడు పిన్నులు, వెనక్కి బాగా లాగి వెనక నడుమ మూడు పిన్నులు కొట్టాను. ఆ తర్వాత ఇరుపక్కలా సీటు సన్నబడే చోట ఒక్కొక్కటి. అక్కడ ఆగి సీటును తిప్పి చూడాలి. కుట్లు రెండు వైపులా ఒకే ఎత్తులో ఉన్నాయా, నడి గీత వంకర పోయిందా అన్నది ఇప్పుడు తెలిస్తే ఎనిమిది పిన్నులు పీకితే సరిపోతుంది. అన్నీ సరిగ్గా ఉన్నాక ఒక పక్క కొంచెం, ఎదురు పక్క కొంచెం, నడుమ నుంచి మూలల వైపు వెళ్తూ సెంటీమీటరున్నరకు ఒకటి చొప్పున పిన్నులు నింపాను. ఒక పక్క పూర్తిగా కొట్టేసి రెండో పక్కకు వెళ్తే కవర్ మొత్తం అటు గుంజుకుపోతుంది. మూలల్లో ఒక పెద్ద మడత కన్నా మూడు నాలుగు చిన్న మడతలు నయం, ముడత పైకి కనబడదు.

పిన్ను కాలు 6 మిల్లీమీటర్లది వాడాను. బేస్ అంచు మందాన్ని ముందు కొలుచుకోవాలి. కాలు పొడుగైతే అవతలికి పొడుచుకొచ్చి కవర్‌కు లోపలి నుంచి చిల్లు పెడుతుంది, పొట్టిదైతే కవర్ లాగుడుకు ఊడిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కావాలి. మామూలువి తుప్పు పట్టి, రెండో వానాకాలానికి కవర్ చుట్టూ వదులవుతుంది. చేత్తో నొక్కే చిన్న స్టేప్లర్ గన్ గట్టి ప్లాస్టిక్‌లోకి పిన్నును సగమే దించుతుంది. గాలితో పనిచేసేది దొరికితే అరువు తెచ్చుకోవడం మంచిది.

పూర్తి సీటు కొనుక్కునేవాళ్ళకు ఈ శ్రమ తప్పుతుంది, ఆ శ్రద్ధంతా లాచ్ మీద పెట్టాలి. కొత్త సీటు వేసి నొక్కేసే ముందు, లాచ్‌లోకి స్క్రూడ్రైవర్ కడ్డీ దూర్చి మూసి, తాళంచెవితో తెరుచుకుంటోందో లేదో చూడాలి. సీటు మూసుకుపోయి తెరుచుకోకపోతే కింద ఉన్న బోల్టు అందదు. తాళం బిగుతుగా తిరుగుతుంటే ఎప్పుడూ బలవంతం చేయకూడదు, లోపలి కేబుల్ తెగుతుంది. ఇంకొకరిని సీటు వెనక భాగం కిందికి నొక్కమని అప్పుడు తిప్పాలి. బిగుతు అలాగే ఉంటే లాచ్‌లో పడే కమ్మీకీ సీటు బేస్‌కూ మధ్య ఒక పలుచటి వాషర్ వేస్తే అది కాస్త కిందికి దిగుతుంది. సీటు కడకడలాడుతుంటే వాషర్ తీయాలి.

రబ్బరు బుష్‌లన్నీ ఫ్రేముకు ఆనాలి. బుష్‌లకు సుద్ద రాసి, సీటు వేసి, ఒకసారి బరువుగా కూర్చుని లేచి తీసి చూస్తే ఫ్రేము మీద మచ్చలు పడతాయి. మచ్చ పడని చోట బుష్ అందడం లేదు. ఆ బరువంతా ముందు కొక్కెం మీదా లాచ్ మీదా పడి, కొన్నాళ్ళకు బేస్ అక్కడే పగులుతుంది. నా సీటుకు వెనక ఎడమ బుష్ మచ్చ పడలేదు, దాని కింద 2 మిల్లీమీటర్ల రబ్బరు ముక్క అతికిస్తే సరిపోయింది. సీటు కింద వైర్లు నలగడం లేదని కూడా అప్పుడే చూసుకోవాలి.

సీటు ఎత్తు మారింది కాబట్టి అద్దాలు, బ్రేకు, క్లచ్ లివర్ల కోణం తిరిగి సర్దాను. మణికట్టు వంగకుండా వేళ్ళు లివర్ల మీద పడాలి. కొత్త ఫోమ్ మొదట్లో చెక్కలా అనిపిస్తుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక గానీ అది ఒంటికి అలవాటుపడదు, అప్పటిదాకా తీర్పు చెప్పకూడదు, కోయించకూడదు. ఈలోగా జీన్స్ ప్యాంటు మీద కూర్చుని సీటును అంచనా వేయడం కూడా సరికాదు. దాని నడి కుట్టు మందంగా ఉండి సరిగ్గా ఎముకల మధ్యే ఒరుసుకుంటుంది. కుట్లు లేని పలుచటి లోదుస్తులు, చదును కుట్టు ఉన్న ప్యాంటు వేసుకుంటే తేడా తెలుస్తుంది.

చివరిగా ఒక నీళ్ళ పరీక్ష. సీటు బండి మీద ఉండగానే రెండు చెంబుల నీళ్ళు కుట్ల వెంట పోసి, పావుగంట ఆగి, గుడ్డతో తుడిచి గట్టిగా కూర్చోవాలి. కుట్ల నుంచి నీళ్ళు ఊరితే ఆ చోట గుర్తు పెట్టి, బాగా ఆరాక సీమ్ సీలర్ (కుట్ల రంధ్రాలు మూసే పూత) పూయాలి. నా సీటులో ముందు వంపు దగ్గర, రెండు కుట్లు కలిసే చోట కొద్దిగా ఊరింది. అక్కడ రెండు పూతలు వేసి, ఒక రాత్రి ఆరనిచ్చి మళ్ళీ పోస్తే చుక్క రాలేదు.