గోడకూ పలకకూ మధ్య సందు

మా నాన్న తాపీ మేస్త్రీ. అమలాపురం చుట్టుపక్కల లంక గ్రామాల్లో ఆయన లేపిన గోడలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. ఆయన లెక్కలో గోడలు రెండే రకాలు: తొమ్మిది అంగుళాలది, నాలుగున్నర అంగుళాలది. నేను దుబాయిలో పదమూడేళ్లుగా గోడలే గీస్తున్నాను కానీ ఇంతవరకూ ఒక్క ఇటుక ముట్టుకోలేదు. "గోడ గీస్తే జీతం ఇస్తారా?" అని మొదట్లో అడిగేవారు. ఇస్తారు నాన్నా, ఒక్కోసారి ఆలస్యంగా.

మేం భవనాలు గీయడానికి వాడే రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో గోడ అంటే పొరల పట్టిక. బయటి నుంచి అల్యూమినియం పలక, గాలి సందు, రాతి ఉన్ని, 200 మిల్లీమీటర్ల బ్లాకు, లోపలి ప్లాస్టరు. ఒక్కో పొరకూ దాని పని చెప్పాలి. బరువు మోసేది స్ట్రక్చర్, పైకి కనిపించేది ఫినిష్. నీటిని ఆపే పొరకు మెంబ్రేన్ అని పేరు పెడితే దాని మందం సున్నా ఉండాల్సిందే, ఒక్క మిల్లీమీటరు ఇచ్చినా ఒప్పుకోదు. ఇంత కష్టపడ్డాక, తెర మీద చూపే వివరం స్థాయి కోర్స్‌లో (అన్నిటికన్నా తక్కువలో) ఉంటే అంచు గీతలు తప్ప ఏమీ కనిపించవు. మీడియానికో ఫైన్‌కో మారిస్తేనే పొరలు విచ్చుకుంటాయి. ఈ సంగతి తెలియక, చేరిన కొత్తలో పొరలన్నీ చెరిగిపోయాయనుకుని రాత్రి పదింటి దాకా కూర్చుని పట్టిక మళ్లీ కట్టాను. రావులపాలెం నుంచి వచ్చిన మా సీనియర్ పొద్దున్నే చూసి, ఏమీ అనకుండా ఒక్క బటన్ నొక్కి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

అసలు చిక్కు శ్లాబు దగ్గర వస్తుంది. బ్లాకు గోడ ఏ అంతస్తుకు ఆ అంతస్తు, శ్లాబు కింద ఆగిపోవాలి. పలకలు మాత్రం శ్లాబు బయటి నుంచి కింది దాకా ఏకంగా దిగుతాయి. అన్నిటినీ ఒకే గోడగా గీస్తే ఈ రెండూ కుదరవు. బయటి పొరల తాళం తీసి కిందికి లాగవచ్చు, చిన్న ఇంటికైతే అది చాలు. నలభై అంతస్తులకు చాలదు. నా మట్టుకు నేను బ్లాకును ఒక గోడగా, క్లాడింగ్‌ను, అంటే బయటి పలకల తొడుగును, ఇంకో గోడగా గీసి, రెండింటినీ జాయిన్ చేస్తాను. అప్పుడు బ్లాకులో పెట్టిన కిటికీ పలకను కూడా తొలుస్తుంది. జాయిన్ మరిచిపోతే కిటికీ వెనక అల్యూమినియం రేకు అడ్డంగా నిలబడుతుంది. త్రీడీలో చూస్తే ఆ గదిలో ఉండబోయేవాళ్ల మీద జాలి వేస్తుంది.

పలకల జాయింట్లు చూపడంలో నేను చేసిన తప్పు ఇప్పటికీ గుర్తుంది. గళ్ల నమూనాలు రెండు రకాలు: ఒకటి భవనంతో పాటు కొలతకు కట్టుబడి ఉండేది, రెండోది కాగితం మీద మాత్రమే మారకుండా ఉండేది. నేను రెండోది పెట్టాను. 1:100 స్కేలులో ఏడు పలకలు కనిపించిన గోడ 1:50లో పద్నాలుగు పలకలైంది. సైటులో ఎవరో లెక్కపెట్టి ఫోను చేశారు. ఆ తర్వాత భయం ముదిరి ఇంకో పిచ్చిపని చేశాను: ప్రతి బ్రాకెట్‌నూ ప్రతి మరనూ త్రీడీలో పెట్టాను. ఫైలు తెరుచుకోవడానికి టీ తాగి రావాల్సి వచ్చేది. అలాంటివి 1:5 డీటెయిల్‌లో, అంటే ఒక్క చోటును పెద్దగా చూపే డ్రాయింగులో, గీతలుగా చూపితే సరిపోతుందని అలా తెలిసింది.

పలక వెనకున్న గాలి సందును మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోరు. 2015 డిసెంబర్ 31 రాత్రి బుర్జ్ ఖలీఫాకు దగ్గర్లోని హోటల్ తగలబడింది. దుబాయి మెరీనాలో ఒకే టవర్ 2015లో ఒకసారి, 2017లో మరోసారి అంటుకుంది. లండన్‌లో 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ మంటలకు 72 మంది చనిపోయారు. అక్కడి పలక రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య పాలిథిలిన్ అనే ప్లాస్టిక్. ప్లాస్టిక్ అంటుకుంటే వెనక ఉన్న సందు పొగగొట్టంలా పనిచేసి మంటను పైకి లాగుతుంది. అందుకే ఇప్పుడు అంతస్తు అంతస్తుకూ సందులో ఒక అడ్డుపట్టీ గీస్తాం. మామూలు రోజుల్లో గాలి ఆడనిచ్చి, వేడి తగలగానే ఉబ్బి దారి మూసేసే రకం పట్టీ.

ఒక శనివారం వీడియో కాల్‌లో ఈ డీటెయిల్ నాన్నకు చూపించాను. ఆయన అరుగు మీద కూర్చుని కళ్లద్దాలు సర్దుకున్నారు.

"ఆ సందు ఎందుకురా? సిమెంటు కూరేస్తే పోదా?"

"వాన పలక దాటి వచ్చినా ఆ సందులో కిందికి జారిపోతుంది నాన్నా. మిగిలిన చెమ్మను గాలి ఆరబెడుతుంది."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన పాత ఇంటికి తాటాకు తడికలు కట్టేవాళ్లం, గుర్తుందా?" అన్నారు.

గుర్తుంది. అది మట్టిగోడల ఇల్లు. తొలకరికి ముందే, జల్లు కొట్టే వైపు తడికలు కట్టేవారు. గోడకు ఆనించకుండా మధ్యలో వెదురు బొంగులు అడ్డంపెట్టి, బెత్తెడు ఎడంగా. ఆనిస్తే గోడ నానిపోతుందని తాతయ్య అనేవారట. 1996 నవంబర్ తుపానుకు తడికలూ పోయాయి, కప్పూ పోయింది, మర్నాటికి గోడ బురదకుప్ప. ఆ తర్వాతే నాన్న తొమ్మిది అంగుళాల ఇటుక గోడ లేపారు. ఆ గోడకు అడుగున ఏటా చెమ్మ ఎక్కి సున్నం పెచ్చులూడుతుంది. అది వేరే బాధ.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ సందులో ఎలుకలు కాపురం పెట్టేవిరా. మీరేం చేస్తారు?"

స్క్రీన్ వైపు చూశాను. సందు అడుగున నీళ్లు పోవడానికి ఖాళీ వదిలాను. అక్కడ ఎలుకలు దూరకుండా కన్నాల జాలి గీయలేదు. డ్రాయింగు గురువారమే వెళ్లిపోయింది.

"జాలి పెడతారు నాన్నా," అన్నాను, పెట్టినవాడిలాగే. "కన్ను ఎంత ఉండాలంటారు?"

"చిటికెన వేలు దూరిందంటే చిట్టెలుకా దూరుతుంది."

మేం వాడే జాలి కన్ను అంతకన్నా చాలా చిన్నది. 1:5లో అది చుక్కల వరుసలా కనిపిస్తుంది, అంతే. గీసి, మార్పు ఎక్కడో తెలిసేలా చుట్టూ రివిజన్ మబ్బు గీత చుట్టి, సోమవారం పొద్దున్నే మళ్లీ పంపాను.