నల్లిని వాసన పట్టే తేనెటీగలు

ఇటాలియన్ తేనెటీగలు పెంచేవాళ్ళు ఎవరిని కదిలించినా ముందు వరోవా నల్లి (ఈగల్నీ వాటి పిల్లల్నీ పట్టి పీల్చే చిన్న పురుగు) మాటే వస్తుంది, ఆ వెంటనే పెట్టెలో ఏ మందు స్ట్రిప్ పెట్టాలి, ఎన్నాళ్ళు ఉంచాలి అని. మందుతో నాకు పేచీ లేదు. కానీ ఆ స్ట్రిప్‌లలో వాడే ఫ్లూవాలినేట్ అనే మందుకి నల్లి 1990ల్లోనే చాలాచోట్ల లొంగడం మానేసింది, కాబట్టి ఈగ జాతి సంగతి కూడా మాట్లాడుకుందాం.

అమెరికాలో ఈ నల్లి 1987లో బయటపడింది. తర్వాత లూసియానాలోని బాటన్ రూజ్ ప్రభుత్వ ల్యాబ్‌లో జాన్ హార్బో, జెఫ్రీ హారిస్ నల్లి పెద్దగా పెరగని పెట్టెల కోసం వెతికారు. తల్లి నల్లి, పట్టులో ఈగ పిల్ల పెరిగే గదికి మైనం మూత పడేముందు లోపలికి దూరి, మూత పడ్డ రెండు మూడు రోజులకి గుడ్లు మొదలుపెడుతుంది. వీళ్ళు ఏరిన పెట్టెల్లో గదులు విప్పి చూస్తే నల్లులైతే ఉన్నాయి, చాలావాటికి పిల్లలు లేవు. నల్లికి సంతానం కలగకుండా ఏదో ఆపుతోందనుకున్నారు. అసలు సంగతి కొన్నేళ్ళకి తేలింది: పిల్లలు పెడుతున్న నల్లి ఉన్న గదిని కూలి ఈగలు వాసనతో పసిగట్టి, మూత కొరికి, లోపలి ప్యూపాని పీకి పారేస్తున్నాయి, గొడ్డు నల్లి ఉన్న గదుల జోలికి పెద్దగా పోవట్లేదు, కాబట్టి లెక్కకి మిగిలేవి అవే! నల్లిలో ఏ మార్పూ లేదు, పనంతా ఈగలదే.

ఈ గుణాన్ని నిలబెట్టుకోవడం మాత్రం తలనొప్పే. రాణి గాల్లో ఎగిరి పది పదిహేను పోతుటీగలతో కలుస్తుంది, అవి ఎవరి పెట్టెల నుంచి వచ్చాయో ఎవరికి తెలుసు. అందుకే హార్బో రాణికి ఒక్క పోతుటీగ వీర్యమే ఎక్కించేవాడు. కూలీలందరికీ తండ్రి ఒకడే అయితే గుణం ఉందో లేదో తేటగా కనిపిస్తుంది. మంచి విషయం ఏంటంటే, ఈ గుణమున్న వంశంలో పుట్టిన రాణి బయటి పోతులతో కలిసినా గుణం పూర్తిగా పోదు, కొంత దిగుతుంది.

మందు ఆపేసి, బతికినవాటినే పెంచుదాం అనేవాళ్ళూ ఉన్నారు. స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిలో 1999లో 150 పెట్టెలతో అదే చేశారు, మొదటి కొన్నేళ్ళలో చాలావరకు చచ్చాయి, కొన్ని నిలబడ్డాయి. దీవిలో ఓ మూల కాబట్టి సరే. చుట్టూ వేరేవాళ్ళ పెట్టెలున్నచోట ఇది నాకు నచ్చదు, చస్తున్న పెట్టెని దోచుకోవడానికొచ్చిన పక్కవాళ్ళ ఈగలు తేనెతోపాటు నల్లినీ మోసుకుపోతాయి.

మన దేశీ ఈగకి ఈ గొడవ అంతగా లేదు. నల్లి పుట్టిల్లు అదే, దాని దగ్గర దాదాపు పోతుటీగల గదుల్లోనే పెరుగుతుంది. ఇటాలియన్ పెట్టెలున్నవాళ్ళు మాత్రం సీసాలో ఓ మూడొందల ఈగలు వేసి, పంచదార పొడి చల్లి, రాలిన నల్లుల్ని పెట్టెవారీగా రాసుకోండి. రాణుల్ని తక్కువ నల్లి ఉన్న పెట్టెల నుంచి తీసుకోండి, పోతుల్ని కూడా వాటిలోనే ఎక్కువగా పెరగనివ్వండి.