పాల లెక్క పక్కన నా లెక్క

మా వంటింటి గోడకున్న క్యాలెండర్ మా అత్తమ్మది. పాలు ఎక్కువ పోయించుకున్న రోజు, గ్యాస్ బండ మార్చిన రోజు, అన్నీ అందులోనే రాస్తుంది. పోయిన ఏడాది ఆగస్టు పేజీలో మాత్రం ఆమె లెక్కల పక్కన నావి కూడా కొన్ని అక్షరాలున్నాయి. వి, ఆ, వ, ని. ఒకరోజు పొద్దున కళ్లజోడు పెట్టుకుని దగ్గరికెళ్లి చూసి, "ఇదేంది బిడ్డా, విదియ అని రాసినవ్, ఇయ్యాల షష్ఠి కదా" అంది. వి అంటే వికారం అని చెప్పలేక ఊరికే నవ్వాను.

నేను హనుమకొండలో ఒక బ్యాంకులో క్యాష్ కౌంటర్‌లో పనిచేస్తాను. అంతకు రెండు నెలల ముందు, ఒకటో తారీఖు, పెన్షన్ లైను తలుపు దాటి బయటికి వెళ్లిన రోజు, నోట్లు లెక్కపెట్టే మిషన్ గరగరమంటుంటే నా గుండె కూడా దానితో పాటే కొట్టుకోవడం మొదలుపెట్టింది. గొంతు బిగుసుకుపోయింది, వేళ్లు తిమ్మిర్లు, ఇంక అయిపోయానే అనుకున్నాను. అందరూ గ్యాస్ అన్నారు. నెల రోజులు పరగడుపున గ్యాస్ మాత్ర మింగాను. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్ వచ్చాయి. ఎవరైనా సంతోషిస్తారు గానీ నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే అప్పటికి అలాంటివి ఇంకో నాలుగు వచ్చాయి.

చివరికి సైకియాట్రిస్ట్ దగ్గరికి మొహానికి స్కార్ఫ్ కట్టుకుని వెళ్లాను. వెయిటింగ్ హాల్లో మా బ్రాంచికి రోజూ వచ్చే కస్టమర్ ఒకాయన ఉన్నాడు. ఇద్దరం ఒకరినొకరు చూడనట్టే కూర్చున్నాం. డాక్టరమ్మ ఆందోళన తగ్గించే మందు, ఎస్సిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములు రాత్రి భోజనం తర్వాత వేసుకోమని, వారం తర్వాత 10 చేద్దామని చెప్పింది. దానితో పాటు అప్పటికప్పుడు నెమ్మదింపజేసే క్లోనాజెపామ్ 0.25, అది పది రోజులకే, ఇది అలవాటయ్యే రకం కాబట్టి నన్నడగకుండా పొడిగించొద్దు అంది. మా ఆయనను కూడా లోపలికి పిలిచి, మొదటి వారాల్లో చనిపోవాలనే ఆలోచనలేమైనా వస్తే వెంటనే ఫోన్ చేయమంది. తర్వాత నాతో, "ఈ మందు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదట్లో కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, ఆపొద్దు" అంది.

ఆ "కొంచెం" అనే మాట మీద నాకు ఇప్పటికీ కోపమే.

రెండో రోజు నుంచే వికారం. వాంతి అవదు, అలాగని పోదు. అత్తమ్మ పోపు వేస్తే నేను బాల్కనీలోకి పరుగు. విరేచనాలు మూడు రోజులు. కింది దవడ తెలియకుండానే బిగపట్టి ఉండేదాన్ని, సాయంత్రానికి చెవుల దగ్గర నొప్పి. కలలైతే చెప్పొద్దు, ప్రతి రాత్రీ క్యాష్ టాలీ కాదు. వీటన్నిటికంటే పరువు తీసింది ఆవలింతలు. నిద్ర రావడం లేదు, అయినా నిమిషానికోసారి నోరు తెరుచుకుని కళ్లలో నీళ్లు. అవతల మనిషి డిపాజిట్ ఫారం ఇస్తుంటే ఆయన మొహం మీదే ఆవలింత. చేతులు సన్నగా వణుకుతుంటే ఐదొందల కట్టను మిషన్‌లో మూడుసార్లు వేశాను, నా లెక్క మీద నాకే నమ్మకం లేక.

ఆరో రోజు రాత్రి రెండింటికి లేచాను. ఏ టెన్షన్ కోసం మందు వేసుకున్నానో అదే రెట్టింపు అయింది. కాళ్లు ఒక చోట నిలవవు, హాల్లో అటూ ఇటూ తిరుగుతూ డబ్బాలోని కాగితం తీసి చదివాను. అర్ధరాత్రి ఆ కాగితం మాత్రం ఎవరూ చదవకండి, చదివిన ప్రతిదీ మనకు ఉన్నట్టే ఉంటుంది. ఇంక ఈ మందు నాకు పడలేదు, రేపట్నుంచి బంద్ అనుకున్నాను. మా ఆయన లేచి, డాక్టర్ను ఈ వేళ లేపలేమని, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి కలిపి ఇచ్చాడు. తెలుగులోనే మాట్లాడింది ఆ అమ్మాయి. పెద్దగా సలహాలేం ఇవ్వలేదు, ఇరవై నిమిషాలు వింది, తెల్లారాక డాక్టర్‌తో మాట్లాడేదాకా మీ అంతట మీరు ఆపకండి అంది. నాకు కావాల్సింది ఆ రాత్రి గడవడమే, గడిచింది.

పొద్దున డాక్టరమ్మ రెండు మార్పులు చేసింది. మాత్ర రాత్రి నుంచి పొద్దున టిఫిన్ తర్వాతకు మార్చింది, 5 మీదే ఇంకో వారం ఉండమంది. ఈ మందు పనిచేసేది సెరటోనిన్ అనే రసాయనం మీద, ఒంట్లో అది ఎక్కువ భాగం పేగుల్లోనే ఉంటుంది, అందుకే ముందు కడుపే గోల చేస్తుంది, అలవాటు పడ్డాక తగ్గుతుంది అని అప్పుడు చెప్పింది. ఆ ఒక్క ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే ఆరు రోజులు క్యాన్సరేమో అని భయపడేదాన్ని కాదు. తలనొప్పికి ఐబుప్రోఫెన్ వద్దు, దీనితో కలిస్తే రక్తస్రావం రిస్కు ఉంటుంది, పారాసెటమాల్ వేసుకో అంది. కాఫీ నేనే మానేశాను. మధ్యాహ్నం డబ్బాలో పెరుగన్నం, నాలుగింటికి రెండు బిస్కెట్లు, కడుపు ఖాళీగా ఉంచకపోతే వికారం సగం తగ్గింది.

క్యాలెండర్‌లో రాయడం అప్పుడే మొదలుపెట్టాను, డాక్టర్‌కు చెప్పడానికి: వికారానికి వి, ఆవలింతలకు ఆ, వణుకుకు వ, నిద్రకు ని. నన్నడిగితే ఏ రోజైనా "అట్లనే ఉంది, ఏం తగ్గలేదు" అనేదాన్ని. కానీ పదకొండో రోజు గడిలో వి లేదు. పద్నాలుగో రోజు వ లేదు. నేను గమనించనే లేదు, గోడ మీద చూస్తే తెలిసింది. గుండెదడ మాత్రం నాలుగో వారం దాటాకే నెమ్మదించింది, అదీ ఒక్క రోజులో కాదు.

ఇంకోటి, రాయాలా వద్దా అని ఆలోచించాను. భార్యాభర్తల మధ్య విషయం. కోరిక తగ్గిపోయింది, మా ఆయన తన తప్పేమో అనుకున్నాడు, నేను నా తప్పనుకున్నాను, రెండు నెలలు ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. డాక్టర్‌ను అడిగితే ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోకుండా, చాలామందికి ఉంటుంది, డోసు గానీ మందు గానీ మార్చి చూడొచ్చు అంది. ఇంకా మార్చలేదు. ఆ ఇబ్బంది కొంత తగ్గింది, పూర్తిగా కాదు.

డిసెంబర్‌లో కరీంనగర్ పెళ్లికి పోయి మాత్రలు ఇంట్లో మర్చిపోయాను. మూడో రోజుకు తల పక్కకు తిప్పితే లోపల సన్నగా కరెంటు కొట్టినట్టు, ఊయల దిగినట్టు తూలు. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇవ్వనన్నాడు, సరైన పనే చేశాడు. ఫోన్లో పాత ప్రిస్క్రిప్షన్ ఫోటో ఉండబట్టి సరిపోయింది. "గోలీలు అలవాటైతయి బిడ్డా" అని మొదటి నుంచీ అంటున్న అత్తమ్మకు ఇదే సాక్ష్యమైపోయింది. ఇంకా ఇంకా కావాలనిపించే అలవాటు వేరు, ఒక్కసారిగా ఆపితే ఒళ్లు ఎదురుతిరగడం వేరు అని చెప్పి చూశాను. వింది గానీ ఒప్పుకోలేదు. ఎప్పుడు తగ్గించాలో, ఎంత మెల్లగా తగ్గించాలో డాక్టరమ్మే చెప్తుంది, వచ్చే నెల వెళ్లాలి.

ఆవలింతలు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మొన్న ఒకటో తారీఖున పెన్షన్‌కు వచ్చిన పెద్దాయన నన్ను చూసి తనూ ఒకటి ఆవలించి, "ఇద్దరికీ రాత్రి నిద్ర లేనట్టుంది మేడం" అన్నాడు. అవునన్నాను.